రెల్లు చరిత్ర



వానలు వెనుకబట్టి, బతుకమ్మ పండుగ దగ్గరకు వచ్చు దినములలో మిర్యాలగూడ సీమయందలి వాడపల్లికి మీలో పెక్కురు పోయియుందురు. అచ్చట మూసీ కృష్ణలో కలియును. ఆ యొడ్డులమీద మనిషెత్తును మించిన గడ్డి తెల్లని కుచ్చులు విప్పి గాలికి తల లూపుచుండును. అదియే రెల్లు. సంస్కృతమున దీనిని కాశ మందురు. ఆ దినములలోనే చేలగట్లమీద గునుగు కూడ తెల్లగా పూయును. కాని గునుగు ఒక్క యేటి మొక్క. గింజ రాలిన పిమ్మట చచ్చును. రెల్లు అట్లు కాదు. పైగడ్డిని కోసినను, కాల్చినను నేలలోని వేరుదుంప బ్రదికియుండి తొలకరికి మరల చిగిర్చును.

ఈ గడ్డిని మన రైతు గౌరవింపడు. అందుకు కారణము లేకపోలేదు. దుక్కినేలలో రెల్లు పాతుకొన్నచో నాగలి దానిని తీయజాలదు; తెగిన ప్రతి దుంపముక్కయు మరియొక మొక్క యగును. బుందేల్‌ఖండమున పందొమ్మిదవ శతాబ్దమున ఎన్నో నల్లరేగడి చేలు దీనివలన బీళ్లుపడెను. 1947లో కేంద్రప్రభుత్వము ట్రాక్టరుల సంస్థ నొకదానిని నెలకొల్పి, పెద్ద యంత్రములతో లోతుగా దున్నించి, మధ్యదేశమున అట్టి భూములను మరల సాగులోనికి తెచ్చెను.

అయినను ఈ పగవాని కథలో మరియొక ఘట్టము కలదు. 1912లో కోయంబత్తూరున చెరకు పరిశోధనాలయము ఏర్పడెను. ఉత్తరదేశమున నాడు పండెడిది సన్నచెరకు. తీపిగల లావుచెరకు అచ్చటి చలికి తాళదు. బార్బరు దొరయు, ఆయనతో పనిచేసిన టి. ఎస్. వెంకటరామన్ గారును లావుచెరకునకు రెల్లు పుప్పొడి చేర్చి సంకరము చేసిరి. చెరకునుండి తీపియు, రెల్లునుండి గట్టిదనమును పిల్లకు వచ్చెను. అట్లు పుట్టిన కో. 205 అను రకము 1918లో రైతులకు చేరెను. జావాదీవిలో సెరే తెగులు చెరకుతోటలను చెరచినప్పుడును రెల్లు వంశమే ఆదుకొన్నది. 1921లో అచ్చట పుట్టిన పి. ఓ. జె. 2878 అను రకము ప్రసిద్ధము. నేడు లోకమున సాగగు చెరకులలో ఇంచుమించు అన్నిటను రెల్లు నెత్తురు కొంత యున్నది. మనము కలియు వాడు చేయు గడ్డి మన బెల్లములో నున్నది.

ఇక మన సీమ మాట. సూర్యాపేట చెంత మూసీ, కోదాడ చెంత పాలేరు, ఊరూర వాగులు కలవు. 1967లో నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు వదలిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరి మడులు పెరిగెను. జానెడు నేలకును వెల వచ్చెను. ఆ దినములలోనే మా తండ్రిగారు వాగొడ్డున రెల్లు త్రవ్వించి అర యెకరము మడి చేసిరి. రెండేండ్లు పంట చక్కగా వచ్చెను. మూడవయేట వచ్చిన వరద ఆ మడినే కాక, దాని వెనుకనున్న పాతమడిలో సగమును కోసికొనిపోయెను. ఎదుటి యొడ్డున రెల్లు త్రవ్వని రైతు చేను నిలిచెను. మా తండ్రిగారు చాలసేపు ఆ చేనివంకనే చూచి, “వాని గడ్డి వానికి మిగిలినది, నాకు నేలయు మిగులలేదు” అనిరి. ఆ మాట నే నింకను మరువలేదు.

కనుక, పెద్దలారా, చేనిలో రెల్లును పెరుగనీయకుడు. ఒడ్డున దానిని చంపకుడు. ఒడ్డు బోడియైనచో తొలకరి వానలు పడగానే దుంపముక్కలను తెచ్చి, మడివైపు కాక నీటివైపు వాలున అడుగు కొకటిగా నాటుడు. మొదటి యేడు పశువులను తోలకుడు. పూసిన పిమ్మట కోసినచో పాక కప్పుటకు గడ్డియు దొరకును. దుంప చేనిలోనికి ప్రాకకుండ నడుమ ఒక కాలువ తీసి, ఏటేట దానిని గీయుచుండుడు.

ఆయా యూళ్లలో ఏ యొడ్డు ఏ యేట కోతపడినదో మీకు జ్ఞాపకముండును. అది పిల్లలకు చూపి చెప్పుడు.