చీకట్లో గేటు

2007 ఆగస్టు 25, శనివారం. లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలిన రాత్రి, ఉప్పుగూడలో మా ఇంటి గేటు పట్టుకుని నాన్న కోసం చీకట్లో నిలబడ్డాను. ఏళ్లుగా అందరికీ ఇదే చెప్తున్నా.

మొన్న అమ్మ నవ్వేసింది. "ఆ రోజు మీ నాన్న జరమొచ్చి ఇంట్లనే పండుకున్నడు గదరా. నువ్వు గేటు కాడ నిలవడ్డది మక్కా మసీదు అప్పుడు, మిట్టమధ్యాహ్నం!"

అమ్మదీ జ్ఞాపకమే కదా అన్నాను. పాత డాక్టరు చీటీ తీసి చూపించింది. తేదీ ఆగస్టు 25.

మక్కా మసీదు పేలుడు అదే ఏడాది మే 18, శుక్రవారం నమాజు వేళ. నాన్న అప్పుడు పత్తర్‌గట్టీలో పనిచేసేవాడు. ఫోన్ కలవలేదు. అంటే నా భయం మే నెలది, చీకటి ఆగస్టుది. రెండూ కలిపి కుట్టింది నేనే.

ఇలాంటి జ్ఞాపకాలకి 1977లో బ్రౌన్, కులిక్ 'ఫ్లాష్‌బల్బ్' అని పేరు పెట్టారు. ఆశ్చర్యం, ఉద్వేగం కలిస్తే ఫోటోలా ముద్ర పడుతుందని వాళ్ల ఊహ. 1986లో ఛాలెంజర్ పేలిన మర్నాడే, ఆ వార్త ఎలా తెలిసిందో నైసర్, హార్ష్ విద్యార్థులతో రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత అడిగితే చాలామంది కథ మారిపోయింది, ధీమా మాత్రం తగ్గలేదు. సొంత చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

నాకూ రాలేదు. ఇప్పటికీ చీకటే కనిపిస్తుంది.

ఆ మే మధ్యాహ్నం నాన్నని సందుల్లోంచి స్కూటర్ మీద ఇంటికి చేర్చింది పక్క దుకాణం సాబ్ అట. ఇన్నేళ్ల నా కథలో ఆయన లేనేలేడు.