గుఱ్ఱముమీది గ్రంథాలయము, తెరమీది వైద్యుడు

గ్రంథాలయమునకును వైద్యమునకును ఏమి సంబంధమని కొందరడుగవచ్చును. పుస్తకము చదివినంతమాత్రమున జ్వరము తగ్గునా? తగ్గదు. అయినను వైద్యుడు దూరముననున్న పల్లెలో, ఒక రోగి సిగ్గుపడక, రుసుము చెల్లింపక లోపలికి పోగల తలుపు ఏదని వెదకినయెడల, అనేకచోట్ల అది గ్రంథాలయపు తలుపే. అమెరికా దేశపు చరిత్రలో ఈ సంగతి తేటగా కనబడుచున్నది.

ఆ దేశములోని కెంటకీ రాష్ట్రపు తూర్పుభాగమంతయు కొండలు. 1930 ప్రాంతమున అచ్చట బాటలు బహు తక్కువ. పెక్కుచోట్ల వాగు పారు త్రోవయే మనుష్యులు నడచు త్రోవ. చదువెరుగనివారు కొన్ని తావులలో నూటికి 30 మందివరకు నుండిరి. 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అను నర్సు ఆ కొండలలోని లెస్లీ జిల్లాలో పని ఆరంభించెను. తన యిద్దరు బిడ్డలను పోగొట్టుకొనిన తల్లి ఆమె. ఆమె స్థాపించిన ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీసు నర్సులు జీను సంచులలో కాన్పు సామగ్రి పెట్టుకొని, గుఱ్ఱములపై ఇంటింటికి పోయి, కాన్పులు చేసి, టీకాలు వేసి, శుభ్రతను బోధించుచుండిరి.

పదియేండ్లు నిండకమునుపే అదే జిల్లాలో మరియొక జీను సంచి బయలుదేరెను. దానిలో మందులు లేవు, పుస్తకములుండెను. మోయువారికి ప్రభుత్వము జీతమిచ్చునెడల నా గ్రంథాలయమును మీ కిచ్చెదనని ఒక ప్రెస్బిటేరియను పాదిరిగారు 1934లో చెప్పిరి. 1935 మొదలుకొని వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషను అను ప్రభుత్వశాఖ ఆ పనిని విస్తరింపజేసెను. స్వారి చేసినవారిలో అనేకులు స్త్రీలు. నెలకు జీతము 28 డాలర్లు. గుఱ్ఱమో కంచరగాడిదయో వారిదే, లేదా అద్దెది. ప్రభుత్వము పుస్తకములు కొనలేదు, జీతము మాత్రమే ఇచ్చెను. దానముగా వచ్చిన పుస్తకములు చినిగిపోయినప్పుడు పారవేయక, పత్రికలనుండి పనికివచ్చు సంగతులు కత్తిరించి అతికి, చేతి పుస్తకములు కుట్టిరి. పొదుపెరిగిన ఇల్లాండ్రకు వేరెవరును నేర్పనక్కరలేదు గదా!

కొండవారు క్రొత్తవారిని తేలికగా నమ్మలేదు. అప్పుడు ఈ స్త్రీలు గడపలో నిలిచి బైబిలునుండి కొన్ని వచనములు బిగ్గరగా చదివిరి. వినుటయే గాని చదువుట ఎరుగని ఆ గృహములకు అది పరిచయమైన మాట. దానిచేత తలుపు తెరువబడెను. పిమ్మట వంటను, శిశుపోషణను, ఆరోగ్యమును గూర్చిన పత్రికలు తెమ్మని తల్లులే అడుగసాగిరి. ముందే ఆరోగ్యబోధ చేయబూనియుండినయెడల వినువారుందురా? నాకు సందేహమే.

ఈ పని 1943లో నిలిచిపోయెను. యుద్ధకాలములో పనులు దొరకెను, ఆ శాఖ మూయబడెను, జీతము నిలువగానే గుఱ్ఱమును నిలిచెను. తరువాత పుస్తకముల మోటారుబండ్లు వచ్చెను. 1965లో వైద్య గ్రంథాలయ సహాయ చట్టము చేయబడి, దేశపు వైద్య గ్రంథాలయములు ఒక వలగా కూర్చబడెను. 1998లో జాతీయ వైద్య గ్రంథాలయమువారు సామాన్యుల కర్థమగు ఆరోగ్యవిషయములను మెడ్‌లైన్‌ప్లస్ అను పేర ఇంటర్నెట్టులో ఉచితముగా ఉంచిరి. అయితే దానిని చూచుటకు యంత్రము కావలెను, సంబంధపు తీగయు కావలెను. అవి లేనివారు ఊరి గ్రంథాలయమునకే పోయిరి.

2020లో కోవిడ్ వ్యాధి వచ్చినప్పుడు ఈ లోటు బయలుపడెను. వైద్యులు తెరమీద రోగులను చూడసాగిరి. వృద్ధుల ప్రభుత్వ బీమాయగు మెడికేరు, ఇంటనుండియే అట్లు చూపించుకొనుటకు రుసుమిచ్చుటకు సమ్మతించెను. కాని ఇంట ఇంటర్నెట్టు లేని పల్లెవానికి ఆ సమ్మతివలన ఏమి మేలు? మూయబడిన గ్రంథాలయముల వెలుపల, కారులలో కూర్చుండి, గోడ దాటివచ్చు వైఫైతో పనులు జరుపుకొనినవారు అనేకులు.

టెక్సాసు ఉత్తరభాగమున, టెక్సోమా చెరువు దగ్గర, సుమారు 2,500 జనముగల పాట్స్‌బరో అను చిన్న ఊరు కలదు. 2021లో అచ్చటి గ్రంథాలయము, జాతీయ వైద్య గ్రంథాలయపు వలనుండి వచ్చిన సహాయముతో, ఫోర్టువర్తులోని ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయముతో కలిసి, ఒక గదిని దూరవైద్యమునకు సిద్ధపరచెను. ఆ యేడే డెలవేరు రాష్ట్రములో సీఫర్డు, లారెలు, మిల్‌ఫర్డు గ్రంథాలయములలో ధ్వని వెలుపలికి పోని చిన్న గదులవంటి పెట్టెలు నిలిపిరి.

తెర నాడి పట్టజాలదు, కడుపు తడిమి చూడజాలదు, రక్తము తీయజాలదు; అట్టి రోగి ఆసుపత్రికి పోవలసినదే. రక్తపోటు మందు మార్చవలసినవానికి, చెప్పుకొన నెవరును లేక దిగులుతో నున్నవానికి మాత్రము ఒక దినపు ప్రయాణము తప్పును. గ్రంథాలయ సేవకురాలు వైద్యము చెప్పరాదు. ఈ మందు మంచిదా అని అడిగినను చెప్పరాదు. ఏ మీట నొక్కవలెనో వృద్ధునికి చూపి, వైద్యుని ముఖము తెరమీద కనబడగానే ఆమె వెలుపలికి వచ్చి తలుపు వేయును.