గుత్తికొండ మీద నీళ్ళ మాట

మా మామ కొడుకు డెన్వర్‌లో ఉంటాడు. పోయిన చలికాలం స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ అనే కొండ ఊరికి పోయి, అక్కడి హౌల్సన్ హిల్ మీద పడుతూ లేస్తూ స్కీయింగ్ చేసిన వీడియో పంపాడు. అంత పెద్ద కొండేం కాదు. ఊరిని ఆనుకుని, ఏటి పక్కన ఉంది. నార్వే నుంచి వచ్చిన కార్ల్ హౌల్సన్ అనే రాతిపనివాడు ఆ ఊరివాళ్ళకు స్కీల మీద ఎగిరి దూకడం నేర్పాడట. 1915 నుంచి ఆ కొండ మీద ఆట నడుస్తూనే ఉంది. కొండ కంపెనీది కాదు, ఊరి సొత్తు. "మన తట్టు ఇట్లాంటిదేమన్నా ఉందా బావా?" అని అడిగాడు.

"జారుడుబండ ఉంది కదరా" అన్నాను.

బెళుగుప్పలో పెరిగినవాళ్ళకు మంచు తెలీదు గానీ జారడం తెలుసు. తంగేడు కొమ్మలో యూరియా సంచో కింద వేసుకుని, కాలిపోతున్న బండ మీద జర్రున దిగేవాళ్ళం. ఎవరెన్నిసార్లు జారారో నిక్కరు వెనక చిరుగులు చూసి అమ్మలు చెప్పేసేవాళ్ళు. కానీ వాడికి కావాల్సింది చరిత్ర ఉన్న కొండ. మార్చిలో వాడు వచ్చినప్పుడు గుత్తికి తీసుకుపోయాను. దారిలో ఉరవకొండ. పడగ విప్పిన పాములా ఉంటుంది కాబట్టి ఉరగకొండ అన్నారని, అదే ఉరవకొండ అయిందని చెప్తారు. వాడు ఫోటో తీసుకున్నాడు.

గుత్తి కోట చుట్టుపక్కల నేల మీద సుమారు 1000 అడుగుల ఎత్తున ఉంటుంది. బుక్కరాయల కాలపు శాసనం దాన్ని దుర్గాలకు రాజు అందట. ద్వారం తర్వాత ద్వారం, మెట్లు, మళ్ళీ ద్వారం. ఆదివారం కాబట్టి ఊరి పిల్లలు మాకంటే ముందే ఎక్కేశారు. ఫిరంగులు ఉండాల్సిన బురుజు మీద కూర్చుని చిప్స్ తింటున్నారు. రాజుల కోట ఊరి కొండ అయ్యేది ఇట్లాగే కదా అనిపించింది.

పైన కొండ అంచున తెల్లటి సున్నంతో నున్నగా తీర్చిన చిన్న మంటపం ఉంది. మురారిరావు గద్దె అంటారు. మురారిరావు ఘోర్పడే 18వ శతాబ్దంలో గుత్తిని ఏలిన మరాఠా సర్దారు. 1751లో ఆర్కాటులో చిక్కుకుపోయిన క్లైవుకు సాయంగా కదిలింది ఇతని గుర్రపు దండే. ఇన్ని యుద్ధాలు చేసినవాడి గురించి జనానికి గుర్తున్నది మాత్రం ఆట. ఈ మంటపంలో చదరంగం ఆడేవాడట, ఊయల ఊగేవాడట. మధ్యమధ్యలో మార్పు కోసం, ఖైదీలను కొండ మీంచి తోయిస్తే చూసేవాడని కూడా అంటారు. మా వాడు అంచు నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఇంత కోట ఎట్లా పోయింది? నీళ్ళు లేక పోయింది. హైదర్ అలీ ముట్టడి వేసి కూర్చున్నాడు. కొండ మీద బావులున్నాయి, 108 అని చెప్తారు, నేను లెక్కపెట్టలేదు. ఎన్ని ఉంటేనేం, అన్నీ వాన మీద ఆధారపడేవే. చివరికి మురారిరావు సంధికి దిగి, ఒప్పుకున్న డబ్బుకు హామీగా ఒక కుర్రవాణ్ణి హైదర్ శిబిరానికి పంపాడు. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ కథనం ప్రకారం, ఆ కుర్రవాడు మాటల్లో పడి, నీళ్ళు మూడు రోజులకే మిగిలాయి కాబట్టే లొంగాం అనేశాడు. ఇంక హైదర్ ఎందుకు కదులుతాడు? 1776లో గుత్తి అతని చేతికి చిక్కింది. మురారిరావు మైసూరు సీమలోని కబ్బాళదుర్గంలో ఖైదీగా చనిపోయాడు.

ఆ కుర్రవాణ్ణి నేను తిట్టలేను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అక్కను చూడ్డానికి వచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ తోట ఎట్లా ఉందిరా అని ముద్దుగా అడిగాడు. బోరు ఎండిపోయింది, నాన్న ఇంకోటి వేయించినా పడలేదు అని చెప్పాను. అడిగినవాడికి ఉన్న మాట చెప్పడం గొప్పనుకున్నాను. వాళ్ళు కాఫీ తాగి పోయారు, మళ్ళీ కబురు రాలేదు. మా తట్టు ఎండిన బోరు సంగతి పక్క చేనివాడికి కూడా చెప్పరు. అప్పు పుట్టదు, పిల్ల పెళ్ళి జరగదు. అక్కకు తర్వాత నాలుగేళ్ళకు పెళ్ళయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కొండ కింద ఇంగ్లీషువాళ్ళ సమాధుల తోట ఉంది. ఈ సీమను 1800 నుంచి కలెక్టరుగా ఏలిన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది గుత్తిలోనే. తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. మన్రో గురించి నాకు ఇంకా చాలా చెప్పాలని ఉంది గానీ, అప్పటికే మా వాడు ఫోన్ తీసి అక్కకు వీడియో కాల్ చేస్తున్నాడు.

అక్క బెంగళూరులో వంటింట్లో ఉంది. మంటపం చూపించాడు, కింద అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు చూపించాడు. ఆమె చూసింది మా మొహాలు.

"ఇంత ఎండలో ఎక్కినారు, నీళ్ళున్నాయా రా?"

"ఉన్నాయిలే అక్కా" అన్నాను.

మా ఇద్దరి సీసాలూ మూడో ద్వారం దగ్గరే ఖాళీ అయిపోయాయి.