వెలి అంచున మిగిలిన పాట

మా సిద్దిపేట ఇంట్లో ఒక పాత ఇనుప పెట్టె ఉంది. అందులో గొల్లభామ చీరల మడతల నడుమ ఒక డీవీడీని భద్రపరిచాము. అది 2006లో జరిగిన మా అక్క పెళ్ళి దృశ్యం. అప్పగింతల వేళ మా నాయనమ్మ పాడిన పాట ఆ పళ్ళెం మీద తప్ప మరెక్కడా లేదు. 2008లో ఆమె కాలం చేసింది. మరుసటి సంవత్సరం దసరాకు అందరమూ కూడి ఆ డీవీడీని కంప్యూటరులో పెట్టాము. ఎదురుకోళ్ళు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ చక్కగా సాగాయి. సరిగ్గా నాయనమ్మ గొంతు ఎత్తగానే బొమ్మ గళ్ళు గళ్ళుగా చీలి నిలిచిపోయింది.

మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాము. ఆపైన విచిత్రం ఏమిటంటే, అంతకుముందు హాయిగా ఆడిన సినిమా డీవీడీలు కూడా నత్తనడక నడవసాగాయి. డ్రైవు చెడిపోయిందని నిశ్చయించుకొని కొత్తది కొనబోతుండగా ఒక మిత్రుడు వారించాడు. ఆ వారింపు వల్లనే ఈ చరిత్ర కొంత నేర్చుకున్నాను.

సీడీ 1982లో విపణికి వచ్చింది. దానిని చదివే లేజరు కిరణం తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. 1996లో జపానులో మొదలైన డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రని కిరణం వాడారు. కిరణం సన్నబడటంతో, సీడీలో 1.6 మైక్రోమీటర్లున్న వరుసల ఎడం డీవీడీలో 0.74కు తగ్గింది. అందుకే అంతే వెడల్పు పళ్ళెంలో 4.7 గిగాబైట్లు ఇమిడాయి. కానీ రాత ఎంత సన్నబడితే గీత అంత ప్రమాదకరం. ఆ ప్రమాదాన్ని కాచేది గణితం. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు అమెరికా గణితవేత్తలు ప్రతిపాదించిన దోషసవరణ సంకేతాలే సీడీకీ డీవీడీకీ ఆధారం. అవి మరింత విశాలమైన ఒక సంకేత కుటుంబంలో భాగం. ఆ కుటుంబానికి పేరిచ్చిన ముగ్గురిలో ఇద్దరు, ఆర్.సి.బోస్, డి.కె.రే చౌధురి, అవిభక్త భారతదేశంలో పుట్టినవారే. బోస్ కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పనిచేసినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు అదే సంస్థలో 1940లలో రూపొందించిన అమరికలకూ ఈ సంకేతశాస్త్రంతో దగ్గరి బంధుత్వం ఉంది. గీత పడిన పళ్ళెం కూడా పాడుతున్నదంటే వెనుక ఇంత తపస్సు ఉన్నది.

సవరణకు కూడా ఒక హద్దు ఉంటుంది. అది దాటితే డ్రైవు అదే చోటును పదే పదే చదవజూస్తుంది. ఇక్కడే మా రెండవ వ్యాధి మూలం దొరికింది. విండోస్ ఎక్స్‌పీ ఇలాంటి వైఫల్యాలను లెక్కపెట్టుకుంటుంది. మొత్తం ఆరు చేరితే, నేరం తీగదేనేమోనన్న అనుమానంతో డ్రైవు వేగాన్ని మెట్టుమెట్టుగా దించి, చివరకు పీఐఓ అనే పాత పద్ధతికి తెస్తుంది. డీఎంఏ పద్ధతిలో సమాచారం నేరుగా మెమరీకి చేరుతుంది. పీఐఓలోనైతే ప్రతి మూటనూ ప్రాసెసరే మోయాలి. మోతతో అలసిన ప్రాసెసరుకు బొమ్మను విప్పే తీరిక ఉండదు. పళ్ళెం తీసివేసినా ఆ శిక్ష మాత్రం తొలగదు. ఒక చెడ్డ డీవీడీ చేసిన తప్పుకు మంచి డీవీడీలన్నీ దండన అనుభవిస్తాయి! డివైస్ మేనేజరులో ఆ ఐడీఈ ఛానలును తొలగించి కంప్యూటరును తిరిగి ప్రారంభించగానే సినిమాలన్నీ మునుపటిలా ఆడాయి. రూపాయి ఖర్చు లేదు.

పెళ్ళి డీవీడీ మాత్రం అక్కడే ఆగింది. ఆ చోటే ఎందుకు? డీవీడీని లోపలి నుండి వెలుపలికి రాస్తారు. పెళ్ళిలో అప్పగింతలు చివర వస్తాయి గనుక నాయనమ్మ పాట వెలి అంచుకు చేరింది. మనం వేళ్ళతో పట్టుకునేది ఆ అంచునే. ఇంట్లో రాసుకునే డీవీడీలో రాత రంగుపొరలో ఉంటుంది. ఎండకూ వేడికీ ఆ రంగు క్షీణిస్తుంది. పైగా మా పళ్ళెం మీద వధూవరుల బొమ్మ ఉన్న కాగితం అంటించారు. అది వంకరగా ఉంటే తిరుగుడులో తూకం తప్పుతుంది. ముచ్చటపడి చేయించిన అలంకారమే ముప్పయింది.

కొన్న డీవీడీల బాధలు వేరు. వాటికి తాళాలుండేవి. లోకాన్ని ప్రాంతాలుగా పంచి మన దేశానికి అయిదవ సంఖ్య ఇచ్చారు. కంప్యూటరు డ్రైవులో ఆ సంఖ్యను అయిదు సార్లే మార్చుకోనిచ్చారు. తాళంచెవి 1999లో బయటపడింది. అందుకు విచారణనెదుర్కొన్న నార్వే యువకుడు జోహాన్సెన్‌ను 2003లో న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. పారిస్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన వీఎల్‌సీ, 2001లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా మారి అందరికీ దక్కింది. డీకోడరు లేక నల్లని తెర చూసిన ఎక్స్‌పీ వాడుకరులకు అది వరమే.

ఆ యుగం ముగిసింది. 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మి తెలుగు సినిమాలను ఇంటింటికీ చేర్చిన మోజర్ బేర్ సంస్థను 2018లో మూసివేతకు ఆదేశించారు. ఇప్పటి ల్యాప్‌టాపులలో డ్రైవు పెట్టే చోటే కానరాదు.

గత ఏడాది ఒక బయటి డ్రైవు తెచ్చి, కాగితాన్ని కదపకుండా, మెత్తని గుడ్డతో నడిమి నుండి అంచు దిశగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే వరుస వెంట గీత పడుతుంది, అది సవరణకు లొంగదు. డీడీ రెస్క్యూ అనే సాఫ్ట్‌వేరు ముందు బాగున్న భాగాలను కాపీ చేసుకొని, మొండికేసిన చోట్లకు తరువాత తిరిగి వస్తుంది. ఒక రాత్రంతా నడిచింది. తెల్లవారేసరికి పదకొండు క్షణాలు తప్ప పాటంతా దక్కింది.

ఆ పదకొండు క్షణాల చోట బొమ్మ నిలిచిపోతుంది. అక్కడికి రాగానే మా అక్క పాట అందుకుంటుంది. ఆ మాటలు ఆమెకు కంఠస్థమని అంతవరకూ మాలో ఎవరికీ తెలియదు. మీ పెట్టెలోనూ ఇలాంటి పళ్ళెం ఉండే ఉంటుంది. ఈ ఆదివారమే బయటికి తీయండి.