నాలుకకు, పలకకు మధ్య గుణింతం

తెలుగును పలికినట్టే రాస్తాం కాబట్టి వర్ణక్రమానికి గుర్తుచిట్కాలు అక్కర్లేదంటారు. అది సగమే నిజం. కరీంనగర్ ప్రాంతంలో కుర్క్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడ పద్యాల పక్కనే తెలుగు కందాలున్నాయి. అంటే ఇక్కడి రాత కనీసం అప్పటి నుంచీ సంస్కృతంతో కలిసి నడిచింది. అందుకే ఇంట్లో 'బూమి' అని పలికే పిల్లవాడు పలక మీద సంస్కృతపు ఒత్తుతో 'భూమి' రాయాలి. వీధిబడి ఈ చిక్కును పేర్లతో ఎదుర్కొంది. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వట్రసుడి అంటూ ప్రతి గుర్తుకూ పేరు పెట్టి, ఇసుకలో వేలితో దిద్దిస్తూ, గొంతెత్తి పలికించింది. చెవి, కన్ను, చెయ్యి ఒకేసారి నేర్చుకున్నాయి.

ఇలా గుణింతం నేర్పడం వట్టి బట్టీ అన్న ఆక్షేపణ ఉంది. కానీ 'క' గుణింతం వచ్చినవాడు 'మ' గుణింతాన్ని తానే కట్టుకోగలడు. బట్టీకి ఆ శక్తి లేదు. ద, ధల దగ్గర గుణింతం చాలదన్నది మాత్రం న్యాయమైన అభ్యంతరం. అక్కడ మాటల కుటుంబం ఆదుకుంటుంది: బోధ తెలిస్తే బోధన, ప్రబోధం తప్పవు. అయితే మాట ముందు పిల్లలకు తెలిసి ఉండాలి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో 1943లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో మొదలైన కేంద్రం గోండు ఉపాధ్యాయులను తయారుచేసి, గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టింది అందుకే. గుణింతాన్ని పాతబడిందని తీసేయకుండా, పిల్లల ఇంటిమాటతో కలిపి నేర్పడమే నేటి బడులు చేయాల్సిన పని.