పళ్ల చక్రమూ పొడుగు కాలూ

సిరిసిల్లలో ముప్పయ్యేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాను. పడుగు వదులైతే గుడ్డ చెడుతుంది, బిగువెక్కువైతే పోగు తెగుతుంది. ఎడమ తుంటికీలు మార్పించుకున్నాక ఆ లెక్క నా ఒంటికే వచ్చింది. నొప్పి పోయింది, కాలు పొడుగైంది. చదును నేల మీద నడుస్తున్నా కుడికాలు గుంతలో పడుతున్నట్టే ఉండేది.

ఎందుకిలా అని ఆరా తీస్తే ఇంగ్లండులో బట్టల మిల్లుల సీమ లాంకషైర్ దగ్గర తేలాను. అక్కడి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అనే సర్జన్ స్టీలు బంతిని ప్లాస్టిక్ గిన్నెలో తిరగనిచ్చే కీలు తయారుచేశాడు. ముందు టెఫ్లాన్ గిన్నె పెట్టాడు. కొన్నేళ్లకే అది అరిగిపోయింది, రాలిన పొడికి చుట్టూ కండ చెడింది. ఆ రోగుల్ని మళ్లీ కోయాల్సిన భారం ఆయనకే పడింది. 1962లో ఒక అమ్మకందారు మగ్గాల పళ్ల చక్రాలకు వాడే పాలిథిలీన్ ముక్క పట్టుకొచ్చాడు. చార్న్లీకి నచ్చలేదు. ఆయన వర్క్‌షాపు చూసే హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని అరుగుదల పరీక్షించే యంత్రానికి బిగించాడు. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అది మూడు వారాల్లో అరగలేదు! ఆ నవంబరులోనే రోగులకు పెట్టడం మొదలైంది. అరిగిన పళ్ల చక్రాలు ఎన్ని పారేశానో నేను. వాటి చుట్టమే నా తుంటిలో చేరిందన్నమాట.

పొడుగు సంగతీ అక్కడే ఉంది. చార్న్లీ బంతి చిన్నది, 22 మిల్లీమీటర్ల పైచిలుకు. చిన్న బంతి గిన్నెలోంచి జారకూడదంటే చుట్టూ కండలు బిగువుగా ఉండాలి. ఆయన తొడ ఎముక పైకొమ్మును కోసి, మళ్లీ తీగతో బిగించి కట్టేవాడు. బిగువు కోసం కాలు కాస్త పొడుగైనా సరే, కీలు జారకపోతే చాలనుకునే సర్జన్లు ఇప్పటికీ ఉన్నారు. నేనైనా అదే చేసేవాణ్నేమో. తర్వాత వచ్చిన కీళ్లలో బంతి వేరు, కాడ వేరు. ఆపరేషన్ బల్ల మీదే ఒక్కో కొలత బంతి పెట్టి బిగువు చూస్తారు.

నా కాళ్ల తేడా ఎంతో తేల్చడానికి కుడిపాదం కింద ఫిజియోథెరపీ అమ్మాయి పల్చటి చెక్కలు ఒకదానిమీదొకటి పేర్చింది. నడుము సమంగా నిలిచేసరికి పదిహేను మిల్లీమీటర్లు. "అంతా ఎముకది కాదు తాతా, కండ పట్టేసి నడుము వంగింది, ఆర్నెల్లు ఆగు" అంది. కసరత్తు చేశాను. తొమ్మిది మిగిలింది. దానికోసం మళ్లీ కోయించుకోవడం దండగన్నారు డాక్టరు. బస్టాండు పక్కన చెప్పులు కుట్టే మల్లయ్య కుడిచెప్పు మడమ కింద రబ్బరు అతికి, అంచు నున్నగా చెక్కి ఇచ్చాడు.

బయట హాయిగానే నడుస్తున్నాను. కానీ ఈ ఉపాయం కనిపెట్టినవాళ్లు ఇంట్లోనూ బూట్లు వేసుకునేవాళ్లు. మనకు చెప్పులు గడప బయటే కదా, లోపలికొస్తే మళ్లీ పాత గుంతే. అందుకని ఇంట్లోకి వేరే జత కుట్టించాను. మా ఆవిడ ఒప్పుకుంది గానీ, "దేవునర్రలకు మాత్రం దాంతోని రాకుండ్రి" అంది. అక్కడ గోడ పట్టుకుని నిలబడతాను.