కాలువ మీద కుతుబ్‌ఖానా

1914 ఏప్రిల్ 10. బెజవాడ రామమోహన గ్రంథాలయం. ఊరి పెద్దల చందాలతో, కుర్రాళ్ల జోష్‌తో ఆంధ్రదేశంలో అక్కడక్కడా నడుస్తున్న గ్రంథాలయాల ప్రతినిధులు మొదటిసారి ఒక్కచోట కూర్చున్నారు. ఆ జల్సాకి సదర్‌గా ఎవరిని కూర్చోబెట్టారో తెలుసా? చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని. 'గణపతి' నవల, 'గయోపాఖ్యానం' నాటకం రాసినాయన. మన గోదావరి పడమటి గట్టున ఖండవల్లిలో పుట్టినాయన. చిన్నప్పటి నుంచే ఆయనకి చూపు మందం, పైగా రేచీకటి. రాత్రిపూట దీపం ముందు కితాబ్ తెరిచి కూర్చునే నసీబ్ ఆయనకి లేదు. తోటివాళ్లు పైకి చదువుతుంటే విని పాఠాలు పట్టుకున్నారు. ముసలితనంలో ఉన్న చూపూ పోయింది.

అలాంటి మనిషిని గ్రంథాలయాల సభకి అధ్యక్షుణ్ని చేశారంటే, చదువు అంటే ఆ రోజుల్లో వాళ్లు ఏమనుకున్నారో కొంత తెలుస్తుంది. ఒకరు చదివితే పదిమంది వినేది చదువు. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి ఆరుగురు. ఆ ఆరుగురి కోసమే అయితే అన్ని గ్రంథాలయాలు ఎందుకు? మిగతా తొంభై నాలుగు మంది వరండాలో కూర్చుని వింటారనే వాళ్ల భరోసా.

ఇది మన ఇళ్లకి కొత్త సంగతి కాదు. ఉర్దూ తారీఖ్‌లో కూడా కితాబ్‌కి నోరుండేది. అమీర్ హమ్జా దాస్తాన్‌ని ఒకడు చెబితే మొహల్లా మొత్తం వినేది. తర్వాత 1858లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్ పెట్టాక ఆ దాస్తాన్‌లు అచ్చయి ఇళ్లలోకి వచ్చాయి. (నవల్ కిశోర్ హిందువు. ఖురాన్ షరీఫ్ ప్రతులు వేలల్లో అచ్చేసింది ఆయన ప్రెస్సే. ఇలాంటి మాట ఈ రోజుల్లో రెండుసార్లు చెప్పినా తప్పులేదు.) 1869లో నజీర్ అహ్మద్ 'మిరాతుల్ అరూస్' రాసింది ముందు తన కూతుళ్లు చదువుకోవడానికే. అక్బరీ, అస్గరీ అనే ఆ అక్కచెల్లెళ్ల పేర్లు, కితాబ్ కళ్లతో చూడని నానీలకి కూడా తెలుసు. ఎలా? ఎవరో చదివారు, వాళ్లు బియ్యం ఏరుతూ విన్నారు. జహేజ్ పెట్టెలో ఖురాన్ షరీఫ్ పక్కన 'బహిష్తీ జేవర్' పెట్టి పంపిన ఖాందాన్‌లు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆ పెట్టెతో వచ్చిన కోడలికి చదవడం వస్తే, అత్తింట్లో మధ్యాహ్నాలు ఆమె గొంతు వినిపించేది.

బాగ్దాద్ బైతుల్ హిక్మా గురించి మన జల్సాల్లో తరచూ వింటాం. వినాలి కూడా. కానీ గడప దాటితే కనిపించే కుతుబ్‌ఖానాల తారీఖ్ ఎవరూ చెప్పరు. భీమవరం దగ్గర కుముదవల్లి అనే ఊరుంది. కొల్లేరు తూర్పు గట్టు నుంచి పెద్ద దూరం కాదు. అక్కడ 1897లోనే భూపతిరాజు తిరుపతిరాజు గారు కందుకూరి వీరేశలింగం పేరు మీద 'వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం' పెట్టారు. పట్నం కాదు, కాలేజీ లేదు, వరి చేల మధ్య పల్లెటూరు. హైదరాబాద్‌లో నవాబ్ ఇమాదుల్ ముల్క్ చొరవతో ఆసఫియా కుతుబ్‌ఖానా మొదలైన 1891కీ దీనికీ మధ్య ఆరేళ్లే తేడా. అక్కడ సర్కార్ ఖజానా ఉంది. ఇక్కడున్నది ఊరివాళ్ల శౌక్ ఒక్కటే. నన్నడిగితే రెండోదే పెద్ద సంగతి.

1914 సభ తర్వాత ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనకున్న మనిషి అయ్యంకి వెంకట రమణయ్య. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా నిండలేదు. తర్వాత జీవితమంతా అదే పని. పత్రిక నడిపారు, ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేశారు, 1919లో మద్రాసులో అఖిల భారత స్థాయి సభ జరిపించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1979లో పోయారు.

ఇక పడవ దగ్గరికి వద్దాం. కృష్ణా డెల్టాలో, గుంటూరు వైపు, పాతూరి నాగభూషణం గారు 1935లో ఒక పడవలో పుస్తకాలు సర్ది కాలువలోకి దించారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా దాని దారి. (కొల్లూరు అంటే మన కొల్లేరు కాదు. ఒక్క అక్షరంలో పొరపడి ఆ పడవని మన సరస్సులో తిప్పేవాళ్లున్నారు.) గట్టు మీది ఊళ్ల దగ్గర ఆగడం, పుస్తకాలు ఇవ్వడం, చదివినవి తిరిగి తీసుకోవడం. ప్రయాణికులకి కూడా చేతికి పుస్తకమో పేపరో ఇచ్చేవాళ్లు. పడవ మెల్లగా పోతుంది, చుట్టూ నీళ్లు, చేసే పనేమీ లేదు. అంతకంటే మంచి చదువుగది ఎక్కడుంది?

డెల్టా మనిషికి ఈ ఆలోచన ఎందుకు తట్టిందో మన ఊరి కాలువ చూస్తే అర్థమవుతుంది. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు 1850లలో పూర్తయ్యాక కాలువలు తాగునీరూ సాగునీరూ ఇవ్వడంతో ఆగలేదు, సడకులయ్యాయి. గోదావరి నీళ్లు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకి వస్తాయి. బెజవాడ నుంచి కృష్ణ నీళ్లూ ఏలూరుకే వస్తాయి. ధాన్యం, కలప, పెళ్లివారు, సరుకులు, ఖబర్లు అన్నీ పడవ మీదే తిరిగిన జమానా ఒకటి ఉంది. కొల్లేటి లంకల్లో అయితే నిన్నమొన్నటి దాకా వానాకాలం వస్తే పడవే గతి. జనం ఏ దారిలో ఉన్నారో కితాబ్‌ని ఆ దారిలోకి తోసిన తెలివి నాగభూషణం గారిది.

అయ్యంకి, పాతూరి తరం చదవని జనాన్ని తిట్టడంతో కాలం గడపలేదు. పుస్తకం ఎందుకు చేరడం లేదో చూశారు. డబ్బు లేదంటే చందా వేశారు. దూరమంటే పడవ కట్టారు. అక్షరం రాదంటే రాత్రిబడి పెట్టారు, పైకి చదివి వినిపించారు. పని అంతా ఇంతెజామ్‌లోనే ఉంది.

మనమిప్పుడు చేస్తున్నదేమిటి? పొద్దున లేస్తే పిల్లల్ని తిడుతున్నాం. "వీళ్లకి తవజ్జుహ్ లేదు, ఎంతసేపూ ఆ ఫోనే." తిట్టే అబ్బాజాన్ చేతిలో కూడా ఫోనే ఉంటుంది, అది వేరే సంగతి. పిల్లవాడి ధ్యాస దానంతటదే చెదిరిపోవడం లేదు. దాన్ని చెదరగొట్టడానికి పెద్ద ఇంతెజామ్ ఉంది. ఒక వీడియో అయిపోగానే రెండోది తనంతట తాను మొదలవుతుంది, పడుకోబోతుంటే గంట మోగుతుంది, ఎంత కిందికి జరిపినా పేజీ అయిపోదు. మనం ఎంతసేపు చూస్తే అంత ప్రకటనల రాబడి. పన్నెండేళ్ల పిల్లవాడి ఇరాదాని ఒంటరిగా దీనికి ఎదురు నిలబెట్టి, ఓడిపోతే వాడిదే తప్పంటున్నాం. ఇంతెజామ్‌కి జవాబు ఇంతెజామే.

కితాబ్ వల్ల ఫాయిదా ఏమిటని ఎవరైనా అడిగితే నా పేషా వైపు నుంచి ఒక్కటి చెబుతాను. ఫ్యామిలీ గ్రూపులో రోజూ ఏదో ఒక మెసేజ్ వస్తుంది. హదీస్ పేరు మీద కొన్ని, తారీఖ్ పేరు మీద కొన్ని. ఫలానా బాద్షా ఫలానా గుడికి ఇచ్చాడని ఒకటి, కూల్చాడని ఇంకొకటి. పదిమందికి పంపితే సవాబ్ అంటుంది కింద. దీన్ని ఆపగలిగేది ఎవరు? మూలం ఏ కితాబ్‌లో, ఏ బాబ్‌లో ఉందో తెరిచి, ముందు పేజీ వెనక పేజీ కలిపి చదివే ఓపిక ఉన్నవాళ్లు. అలాంటివాళ్లు ఖాందాన్‌లో ఒక్కరున్నా చాలు, ఆ గ్రూపు బాగుపడుతుంది. ముప్ఫై సెకన్ల వీడియో చూసే అలవాటు ఎంత పెరిగినా ఆ ఓపిక రాదు. గంటసేపు ఒకే మనిషి వాదన వెంట, నచ్చకపోయినా, చివరిదాకా నడిస్తే వస్తుంది.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడతాం. ఇంట్లో జబాన్ ఉర్దూ, బడి తెలుగు, ఇప్పుడైతే ఇంగ్లీషు. రెండు లిపుల మధ్య పిల్లలు ఏ గట్టుకీ చేరడం లేదు. ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. తెలుగు చదవగలరు కానీ పరీక్ష దాటి చదవరు. ఫోన్లో ఉర్దూని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. దాదా దస్తావేజులు, నానా రాసిన ఖత్‌లు, మస్జిద్‌కి ఏ భూమి ఎవరు వక్ఫ్ చేశారో చెప్పే కాగితాలు పెట్టెలోనే ఉంటాయి. ఇంటి వారసులు వాటిని తిరగేసి పట్టుకుంటారు. మనది ఒకప్పుడు నిజాం కింద ఎల్లూరు సర్కార్. పాత సనదులు ఫారసీలోనే ఉంటాయి. వాటిని చదవడానికి బయటి మనిషిని పిలిచే ఇంటి హక్కులు ఆ బయటి మనిషి నోట్లో ఉన్నట్టే. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కాబట్టి ఈ పని మీద నన్ను పిలుస్తుంటారు. పిలుపు వచ్చినప్పుడల్లా ఇజ్జత్‌గానే ఉంటుంది, భయంగానూ ఉంటుంది.

ఉర్దూ రాకపోతే తెలుగులో చదవండి, అందులో గునాహ్ ఏమీ లేదు. షా అబ్దుల్ ఖాదిర్ ఢిల్లీలో 1790 ప్రాంతంలో ఖురాన్‌కి ఉర్దూ తర్జుమా పూర్తిచేశారు. అప్పట్లో ఫారసీ తెలిసిన పెద్దల ముందు ఉర్దూ అంటే బజారు భాషే. తెలుగులో మొదటి తర్జుమా రావడానికి 1925 దాకా ఆగాల్సివచ్చింది. చేసింది చిలుకూరి నారాయణరావు గారు, ఆంధ్ర భాషా చరిత్ర రాసిన పండితుడు, బ్రాహ్మణుడు. ఆ పని ఆయన చేసేదాకా మన తెలుగు పల్లెల్లో ఎంతమంది అర్థం తెలియకుండానే పుటలు తిప్పి ఉంటారో! పిఠాపురంలో ఉమర్ అలీషా గారు సూఫీ పీఠం మీద కూర్చుని తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారు, ఖయ్యాం రుబాయీలని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. తెలుగు మనకి పరాయిది అనేవాళ్లు బయటా ఉన్నారు, లోపలా ఉన్నారు. ఇద్దరికీ ఈ పేర్లు చెప్పండి.

ఫోన్‌ని కాలువలో పారేయమని నేననను. జనం ఇప్పుడు ఆ కాలువలోనే ఉన్నారు. పాతూరి గారుంటే దాంట్లోకే పడవ దించేవారు. రేఖ్తా సైట్లో వేల ఉర్దూ కితాబులు ఉచితంగా చదవొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు కుప్పలున్నాయి. కానీ ఒంటరిగా ఫోన్లో చదవబోతే రెండో పేజీకే గంట మోగుతుంది. అందుకని పైకి చదవండి. ఇషా తర్వాత పావుగంట, ఫోన్లు అవతల గదిలో. చూపు తగ్గిన దాదీ లేని ఇల్లు తక్కువ. తెలుగు చదివే పోతా పేపరు చదివి వినిపిస్తే, దాదీ వాడికి అలిఫ్ బే పట్టిస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ ఎహ్‌సాన్ చేస్తున్నట్టు ఉండదు.

ఇంకో ఇంతెజామ్ మనం ఇప్పటికే డబ్బు కట్టి మరిచిపోయినది. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని విడిగా ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టంతో మొదలై, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టంతో స్థిరపడిన ఏర్పాటిది. అయ్యంకి తరం కష్టానికి వచ్చిన ఫలం. ఏలూరు మొహల్లాల్లో, గూడెం బజారులో సొంత ఇల్లున్న ప్రతి ముసల్మాన్ దాన్ని కడుతున్నాడు. 2022లో రాష్ట్రమంతటా ఉర్దూకి రెండో అధికార భాష హోదా కూడా చట్టంలోకి వచ్చింది. మరి మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఉర్దూ బీరువా ఉందా? చివరిసారి ఎప్పుడు లోపలికి వెళ్లి చూశారు?

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. అధికారులు ఆ వారం తప్పకుండా కుర్చీల్లో ఉంటారు. పదిమంది సంతకాలతో ఒక దరఖాస్తు పట్టుకెళ్లండి, ఇంటి పన్ను రసీదు నకలు జతచేయండి. దరఖాస్తు తెలుగులో రాయండి. కావాల్సిన కితాబుల పేర్లు మాత్రం తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఉర్దూ వరస ఇంట్లో పిల్లల చేతే రాయించండి, వంకరగా వచ్చినా సరే.